వారానికి ఒక్క పీరియడ్ దొరికింది: పెద్ద తరగతుల పిల్లలకి ‘ఎలా ఆలోచించాలి’ అన్నది సబ్జెక్టుగా చెప్పొచ్చా?

లంకమాస్టారు | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కోనసీమలో ఒక లంక పక్కన ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా దగ్గర ఇంటర్ కూడా ఉంది. మా హెడ్మాస్టరు గారిని అడగ్గా అడగ్గా ఈ ఏడాది గురువారం ఆఖరి పీరియడ్ ఇచ్చారు. తొమ్మిది, పది, ఇంటర్ మొదటి ఏడాది పిల్లల్ని కలిపి కూర్చోబెట్టుకోవచ్చు. పుస్తకం లేదు, పరీక్ష లేదు. టైమ్‌టేబుల్లో ఏమని రాయమంటారు అంటే ‘విమర్శనాత్మక ఆలోచన’ అని రాయించాను. ఆ 45 నిమిషాల్లో ఏం చెప్పాలో మీతో మాట్లాడి తేల్చుకుందామని ఇక్కడ పెడుతున్నాను.

ఎందుకు అడిగానో చెప్పాలి. 2022 జూలై గోదారి వరద గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కుల పైన వదిలారు. మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షలకే ఇస్తారు, అంటే ఎంత నీరో చూడండి. మా ఊరు సగం స్కూల్లోనే ఉంది, పునరావాస కేంద్రం అదే కాబట్టి. రాత్రి పదకొండు దాటాక ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. మగ గొంతు, ఆయాసపడుతూ: “పైన డ్యామ్ తెగిపోయిందండి. మా బావగారు ఇరిగేషన్‌లో చేస్తారు. ఇంకో గంటలో మీ ఏటిగట్టు ఉండదు, పిల్లల్ని తీసుకుని బయల్దేరిపోండి.” అయిదు నిమిషాల్లో అదే గొంతు గదిలో ఉన్న ఫోన్లన్నిటిలో మోగింది. కరెంటు లేదు. జనం చీకట్లో గట్టు మీదకి పరిగెత్తారు. ఒక పెద్దావిడ బురదలో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆవిడ మళ్ళీ తనంతట తాను నడవలేదు.

ఆ గదిలో ఒక పదో తరగతి అమ్మాయి మాత్రం లేవలేదు. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, “ఏ డ్యామో చెప్పాడా అమ్మా? భద్రాచలం నీళ్ళు మనదాకా రావడానికే ఇంచుమించు ఒక రోజు పడుతుంది కదా, గంటలో ఎలా వస్తాయి?” అంది. డ్యామూ తెగలేదు, గట్టూ తెగలేదు.

నేనూ అదే గదిలో ఉన్నాను. ఇరవై ఏళ్ళుగా సైన్స్ చెబుతున్నాను. నాకు ఆ ప్రశ్న తట్టలేదు. నేను కూడా లేచి పిల్లల్ని బయటికి తోలాను. ఆ పెద్దావిడ ఇంటి ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

రాజ్యాంగంలో 51ఎ(హెచ్) అని ఉంది. 1976లో 42వ సవరణతో వచ్చింది. శాస్త్రీయ దృక్పథం, జిజ్ఞాస పెంపొందించుకోవడం పౌరుల విధి అంటుంది. మా పిల్లలు ఆ వాక్యం ఒప్పజెప్పి మార్కులు తెచ్చుకుంటారు. అలాంటి రాత్రి పనికొచ్చేలా దాన్ని ఎలా చెప్పాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.


కొబ్బరాకు | ఆదివారం రాత్రి 10:25

మాస్టారూ, చదువుతుంటే గుండె బరువెక్కింది. నేను ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. నా అనుమానం ముందే చెప్పేస్తాను. మార్కులు లేని పీరియడ్‌ని మన ఊళ్ళలో ఎవరూ లెక్కచెయ్యరు. డిసెంబరు దాటిందంటే ఆ గురువారం పీరియడ్ లెక్కల మాస్టారికి వెళ్ళిపోతుంది. పీఈటీ పీరియడ్లు ఎటు పోయాయో మనందరికీ తెలుసు.

ఇంకో సంగతి. మన ఇంటర్ బోర్డులో లాజిక్ అని ఒక పేపర్ ఉంది. పరీక్షల టైమ్‌టేబుల్లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పక్కన కనబడుతుంది, చూడండి. ఇన్నేళ్ళలో ఆ పేపర్ రాసిన పిల్లాణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు. సబ్జెక్టు పెట్టడం వేరు, పిల్లలు దానిలోకి రావడం వేరు. అటు సీబీఎస్ఈ వాళ్ళు 2024-25 నుంచి 11, 12 తరగతుల ప్రశ్నల్లో సగం సామర్థ్య ఆధారితంగా ఉండాలన్నారు. అంటే చదివింది కొత్త సందర్భంలో వాడగలడా అని చూసే ప్రశ్నలు. నా ఉద్దేశంలో అదే సరైన దారి. కొత్త సబ్జెక్టు వద్దు, ఉన్న సబ్జెక్టుల్లో ప్రశ్న మార్చండి.


తర్కపు_తాతయ్య | సోమవారం ఉదయం 6:10

తణుకు దగ్గర తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాను. మాస్టారికి ముందుగా ఒక మాట. ‘విమర్శ’ అనగానే జనం తప్పులెన్నడం అనుకుంటారు. అసలు అర్థం అది కాదు. తరచి చూడటం, ఆలోచించి నిర్ణయించడం. మొదటి రోజే పిల్లలకి ఆ మాట అర్థం చెప్పండి, సగం అపోహ పోతుంది.

ఇది ఎక్కడి నుంచో తెచ్చుకోవలసిన విద్య కూడా కాదు. మన న్యాయశాస్త్రంలో, అంటే పూర్వుల తర్కశాస్త్రంలో, అనుమానానికి అయిదు అవయవాలు చెప్పారు. ఇక్కడ అనుమానం అంటే సందేహం కాదు, తెలిసినదాన్నిబట్టి తెలియనిది తేల్చడం. ఆ అయిదూ ఇవి: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ ఉంది, పొగ ఉన్నచోట నిప్పుంటుంది వంటింట్లోలాగా, ఇక్కడా అలాంటి పొగే ఉంది, కాబట్టి నిప్పుంది. మనకి కొండలు లేవు గనక ఇటుక బట్టీ అనుకోండి. ఇందులో నాకు నచ్చేది మూడోది. నువ్వు చెప్పిన హేతువు ఇంకెక్కడ నిజమైందో చూపించు అంటుంది. ఆ వాయిస్ మెసేజ్‌లో ప్రతిజ్ఞ ఉంది, డ్యామ్ తెగిందని. హేతువు ఏది? “మా బావగారు”. అది హేతువు కాదు, హేత్వాభాస. హేతువులా కనబడుతుందంతే.

సామెతల్లో, న్యాయాలు అని పిలిచే లోకోక్తుల్లో ఎంత సరుకు ఉందో చూడండి. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకతాళీయం. ఒకదాని వెనక ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదని ఇంత చిన్న మాటలో చెప్పారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు అంటాం, అది స్థాలీపులాక న్యాయం. అయితే ఆ న్యాయం ఎక్కడ చెల్లుతుంది? ఒకే కుండలో, ఒకే మంట మీద ఉడికిన అన్నానికి చెల్లుతుంది. ధాన్యం కొనేవాడు పై బస్తాలోంచి గుప్పెడు తీసి చూసి ఊరుకోడు. లోపలి బస్తాల్లోకి గొట్టం గుచ్చి తీస్తాడు, ఎందుకంటే అడుగున తడిసిన బస్తా ఉండొచ్చు. ఈ తేడా రైతు బిడ్డకి ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. ‘ఫలానా ఊరి వాళ్ళందరూ అంతే’ అనే మాటని ఆ తర్వాత అదే గొట్టంతో గుచ్చి చూడమనండి.


వనామీ_రైతు | సోమవారం మధ్యాహ్నం 1:15

పంతులుగారండీ, ఆ కాకి, తాటిపండు మాట నా జీవితంలో జరిగింది. భీమవరం అవతల రెండు రొయ్యల చెరువులున్నాయి నాకు, తూర్పుది ఒకటి, పడమరది ఒకటి. రెండేళ్ళ క్రితం మూడు రోజులు ముసురు పట్టింది. తెల్లవారుజామున రొయ్య పైకి తేలడం, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేల్లో చచ్చినవి కనబడటం మొదలైంది. మందుల షాపాయన ఒక బకెట్ పౌడర్ ఇచ్చారు. డబ్బుల్లేక ఒక్కటే కొన్నాను, తూర్పు చెరువులో చల్లాను. మూడో రోజుకి చావులు ఆగిపోయాయి. నాకెంత ఆనందమంటే, నలుగురు రైతులకి ఫోన్ చేసి మరీ ఆ పౌడర్ కొనమని చెప్పాను.

నాకు రోజూ నోట్‌బుక్ రాసే అలవాటుంది. మేత ఎంత, ట్రేలో ఎంత మిగిలింది, ఎన్ని చచ్చాయి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఎన్ని గంటలు ఆడాయి, అన్నీ రాస్తాను. రొయ్యలు పట్టేశాక తిరగేస్తుంటే కనబడింది. పడమర చెరువులో కూడా అదే రోజు చావులు ఆగాయి. అందులో నేను చల్లింది ఏమీ లేదు. రెండింటిలోనూ జరిగింది ఒకటే, ముసురు వదిలి ఎండొచ్చింది. పైగా ఆ రెండు రాత్రులూ భయంతో ఏరేటర్లు ఆపకుండా ఆడించాను. మబ్బు పట్టినప్పుడు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుందని నాకు తెలియనిది కాదు. తెలిసి కూడా కళ్ళముందు బకెట్టే కనబడింది.

షాపాయన్ని నేను తప్పుపట్టను. ఆయన కూడా నిజంగానే నమ్మాడు. నా మాట విని కొన్నవాళ్ళ డబ్బులు నా మెడకి చుట్టుకున్నాయి, అదే నా బాధ. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. వాడికి ఈ చదువు కావాలండి. మార్కులు వద్దు.


దూరతీరం | సోమవారం రాత్రి 11:50

వనామీ రైతు గారూ, మీరు చేసింది ఏంటో తెలుసా అండి? మందు వేసిన చెరువుని వెయ్యని చెరువుతో పోల్చారు. పెద్ద పెద్ద మందుల పరీక్షలన్నీ నిలబడేది దాని మీదే.

నాది పాలకొల్లు. పదో తరగతి తర్వాత నాన్న ఉద్యోగం వల్ల ఇంగ్లండ్ వచ్చాం. అక్కడ మన ఇంటర్ లాంటి ఏ లెవెల్స్‌లో క్రిటికల్ థింకింగ్ అనే సబ్జెక్టు తీసుకున్నాను. ఓసీఆర్ అనే బోర్డు పరీక్ష పెట్టేది. పరీక్షలో ఒక పత్రికా వ్యాసం లాంటిది ఇస్తారు. రాసినాయన చివరికి ఏం తేల్చాడు, దానికి ఏ కారణాలు చూపించాడు, చెప్పకుండా దేన్ని నిజమనుకున్నాడు, ఎక్కడ జారాడు, అవి పట్టుకోవాలి. ‘చెప్పకుండా నిజమనుకున్నది’ పట్టుకోవడం అన్నిటికంటే కష్టం. నాకు మొదటి నెల అంతా అది కనపడేదే కాదు.

మాస్టారికి ఒక పనిముట్టు ఇస్తాను. సాక్ష్యం ఎంత నమ్మదగిందో చూడటానికి మాకు అయిదు ప్రశ్నలు నేర్పేవారు. చెప్పినవాడికి ఇదివరకు ఎలాంటి పేరుంది? కళ్ళారా చూసే వీలు అతనికి ఉందా? ఇందులో అతనికి ఏమైనా లాభం ఉందా? ఆ విషయంలో ప్రావీణ్యం ఉందా? ఎటూ మొగ్గకుండా చెప్పగలిగేవాడా? మీ వాయిస్ మెసేజ్‌ని వీటి ముందు పెట్టండి. పేరే లేదు. చూసింది బావగారు, ఆయన కూడా చూశాడని ఎక్కడా అనలేదు. రెండు ప్రశ్నలకే కూలిపోతుంది.

అయితే కొబ్బరాకు గారి భయం నిజమే. అక్కడ కూడా చాలా యూనివర్సిటీలు అడ్మిషన్లలో ఈ సబ్జెక్టుని లెక్కలోకి తీసుకునేవి కావు. ఎక్కువమంది నాలుగో సబ్జెక్టుగా పక్కన పెట్టుకునేవారు. చివరికి బోర్డు దాన్ని ఎత్తేసింది. కేంబ్రిడ్జ్ ఇంటర్నేషనల్ వాళ్ళు మాత్రం థింకింగ్ స్కిల్స్ పేరుతో ఇప్పటికీ పెడుతున్నారు, అందులో క్రిటికల్ థింకింగ్ ఒక పేపర్. ఇంటర్ స్థాయి అంతర్జాతీయ కోర్సు ఐబీ డిప్లొమాలో థియరీ ఆఫ్ నాలెడ్జ్ అందరికీ తప్పనిసరి. 1600 పదాలు మించకుండా ఒక వ్యాసం రాయాలి, ఒక ప్రదర్శన పెట్టాలి. ‘నాకు తెలుసు అంటున్నావు, ఎలా తెలుసు?’ అన్నదే ఆ చదువంతా.


పుష్కరాలరేవు | మంగళవారం ఉదయం 7:30

రాజమండ్రిలో ఉపాధ్యాయ శిక్షణలో పనిచేస్తాను. నేను కొంచెం అడ్డం వస్తాను, మన్నించండి.

ఆలోచించడం అనేది సైకిల్ తొక్కడం లాంటిది కాదు, ఒకసారి వస్తే ప్రతి రోడ్డు మీదా పనికిరావడానికి. అమెరికాలో డేనియల్ విల్లింగ్‌హామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2007లో దీని మీద గట్టిగా వాదించాడు. విషయ పరిజ్ఞానం లేకుండా విడిగా ఆలోచనా నైపుణ్యం నిలబడదని ఆయన మాట. దానికి ముందే 1980లో గిక్, హోలియోక్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. ఒక కోటని పట్టుకోవడానికి సేనాపతి సైన్యాన్ని చిన్న చిన్న దళాలుగా విడదీసి అన్ని దారుల నుంచీ ఒకేసారి పంపిన కథ చదివించారు. తర్వాత ఒక వైద్యుడి సమస్య ఇచ్చారు. కడుపులో గడ్డని కిరణాలతో చంపాలి, చుట్టూ ఉన్న కండ దెబ్బతినకూడదు. జవాబు అదే కదా, బలహీనమైన కిరణాల్ని అన్ని వైపుల నుంచీ పంపడం. కథ అప్పుడే చదివిన వాళ్ళలో కూడా చాలామందికి తట్టలేదు. ‘ఆ కథ పనికొస్తుందేమో చూడండి’ అన్నాక గానీ వెలగలేదు.

ఇప్పుడు మీ పదో తరగతి అమ్మాయిని చూడండి మాస్టారూ. ఆమెకి అయిదు అవయవాలు తెలియవు, అయిదు ప్రశ్నలూ తెలియవు. గోదారి తెలుసు. భద్రాచలం నీళ్ళు ఎప్పటికి వస్తాయో తెలుసు. ఆ రాత్రి ఆమెని కాపాడింది ఆ తెలిసిన సంగతే. గురువారం పీరియడ్‌లో తర్కం పేర్లు వల్లె వేయిస్తే మరో బట్టీ సబ్జెక్టు తయారవుతుంది.


లంకమాస్టారు | మంగళవారం రాత్రి 9:05

రేవు గారూ, మీరన్నదాని గురించి రోజంతా ఆలోచించాను. సగం ఒప్పుకుంటాను. ఆ అమ్మాయి వాళ్ళ నాన్న పడవ నడుపుతారు. నీటి లెక్క ఆమెకి ఇంట్లోనే వచ్చింది. కానీ ఆ లెక్క ఆ గదిలో ఉన్న ముసలివాళ్ళందరికీ తెలుసండి. 1986 వరద చూసినవాళ్ళు, 35 లక్షల క్యూసెక్కులు కళ్ళారా చూసినవాళ్ళు కూడా పరిగెత్తారు. వనామీ రైతు గారికి ఆక్సిజన్ సంగతి తెలుసు, అయినా బకెట్టే కనబడిందన్నారు. తెలిసింది అవసరమైనప్పుడు బయటికి రావడం లేదు. దానికి సాధన ఉండాలి కదా? నేను పెట్టుకోవాలనుకుంటున్నది అదే.


అత్తిలి_అమ్మ | బుధవారం మధ్యాహ్నం 2:40

నేను చదివింది డిగ్రీ వరకే. మా పాప పదో తరగతి. ఇప్పటికే ప్రతిదానికీ ఎందుకు అంటోంది. మొన్న వాళ్ళ నాయనమ్మ గ్రహణం రోజు అన్నంలో దర్భ వెయ్యమంటే, రుజువు చూపించు అని ఆవిడ మొహం మీద అనేసింది. ఆవిడ రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. పిల్ల అడిగింది తప్పని నేను అనడం లేదు. కానీ ఈ చదువుతో ఇంట్లో పెద్దలకి మర్యాద పోతుందేమోనని భయంగా ఉంది.


తర్కపు_తాతయ్య | బుధవారం సాయంత్రం 5:20

అమ్మా, మీ భయం చాలా పాతది. పూర్వులు దానికి జవాబు కూడా చెప్పిపెట్టారు. మాటకి మాట మూడు రకాలన్నారు. నిజం తేల్చుకుందామని ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే అది వాదం. ఎలాగైనా గెలవాలని మాట్లాడితే జల్పం. తనకంటూ నిలబెట్టుకునే మాట ఏమీ లేకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండ. ‘వితండవాదం చెయ్యకు’ అని మనం ఇంట్లో రోజూ అంటాం, ఆ మాట అక్కడిదే.

పాప అడిగిన ప్రశ్న మంచిదే, అడిగిన తీరు జల్పంలోకి పోయింది. “నాయనమ్మా, నీకు ఇది ఎవరు చెప్పారు, వాళ్ళు ఎందుకని చెప్పేవారు?” అని పక్కన కూర్చుని అడిగి ఉంటే ఆవిడ గంటసేపు సంతోషంగా చెప్పేది. అప్పుడు పాపకి తరచి చూడటానికి బోలెడు సరుకు దొరికేది. మాస్టారూ, ఈ మూడింటి తేడా తప్పకుండా చెప్పండి. ఇది చెప్పకుండా మిగతావి చెబితే పిల్లల చేతికి కత్తి ఇచ్చినట్టే.


రెండో_ఏడాది | బుధవారం రాత్రి 10:48

సార్, నేను ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, హాస్టల్. ఫోన్ ఆదివారం ఇస్తారు, ఇవాళ ఫ్రెండ్ వాళ్ళ నాన్నగారి ఫోన్‌లో రాస్తున్నాను. అందుకే త్వరగా చెప్తాను.

మా మావయ్య సంక్రాంతికి కోడిపందేలు వేస్తారు. కుక్కుట శాస్త్రం చూసి వేస్తారు. ఏ నక్షత్రం రోజు డేగ రంగు కోడి గెలుస్తుంది, ఏ రోజు కాకి, నెమలి రంగువి గెలుస్తాయి అని అందులో ఉంటుంది. మావయ్యకి దాని మీద చాలా నమ్మకం. పోయిన పండక్కి నేను ఒక పని చేశాను. ప్రతి పందేనికీ ముందే, శాస్త్రం ప్రకారం ఏది గెలవాలో మావయ్యని అడిగి పేపర్ మీద రాశాను. తర్వాత ఏది గెలిచిందో రాశాను. మూడు రోజులయ్యాక చూస్తే సగానికి ఒకటి ఎక్కువ కరెక్ట్ అయ్యాయి. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది కదా సార్. మావయ్య మాత్రం కరెక్ట్ అయిన పందేలు ఒక్కొక్కటీ కోడి రంగుతో సహా చెప్పారు. పోయినవి అడిగితే, ‘ఆ కోడికి కత్తి సరిగ్గా కట్టలేదు’ అన్నారు. పేపర్ చూపించాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నాతో మాత్రం, ‘నువ్వు రాసింది ఉంచు’ అన్నారు.

ఇది నాకు ఎవరూ నేర్పలేదు. నేర్పి ఉంటే ఇంకా ముందే చేసేవాణ్ణి. మావయ్య పొలం కొంత పోయింది సార్. మాకు ఈ సబ్జెక్టు పెట్టండి. టెన్షన్ లేకుండా కూర్చుని ఆలోచించే క్లాస్ మాకు ఒక్కటి కూడా లేదు.


పుష్కరాలరేవు | గురువారం ఉదయం 6:55

బాబూ, ముందే రాసిపెట్టడం అన్నావే, అదే ప్రాణం. ఫలితం తెలిశాక రాస్తే మనసు తనకి నచ్చినవే ఏరుకుంటుంది. మాస్టారూ, పందేలు చట్టవిరుద్ధం కాబట్టి క్లాసులోకి తేకండి. కార్తెలు వాడుకోండి. మృగశిరకి వాన పడుతుందా, ఆరుద్రకి పడుతుందా అని పెద్దవాళ్ళని అడిగి ముందే గోడ మీద రాయించండి. కార్తె వెళ్ళాక పిల్లలే లెక్క చూస్తారు. కొన్ని నిజమవుతాయి, అది కూడా చూడాలి.


సబ్‌సెంటర్ | గురువారం రాత్రి 8:30

ఏలూరు పక్కన ఏఎన్ఎంగా చేస్తున్నాను. 2020 డిసెంబరులో ఏలూరులో ఉన్నట్టుండి జనం మూర్ఛతో పడిపోయారు, అందరికీ గుర్తుంటుంది. ఆ వారం ప్రతి ఇంట్లో ఒక కారణం. నీళ్ళన్నారు, కూరగాయలన్నారు, కరోనాకి చల్లిన మందన్నారు. నన్ను చూడగానే, “మేడమ్, మీకు తెలుసు, చెప్పట్లేదు” అనేవారు. మాకు నిజంగా తెలియదు. మున్సిపల్ నీళ్ళు తాగనివాళ్ళు కూడా పడిపోయారు, మరి నీళ్ళే అని ఎలా అంటాం? ముందు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, తర్వాత పురుగుమందుల మీదకి దృష్టి వెళ్ళింది. పెద్ద పెద్ద సంస్థలకే రోజులు పట్టింది.

‘ఇంకా తెలియదు’ అన్నది కూడా ఒక జవాబే అని ఆ వారం ఒక్కరూ ఒప్పుకోలేదు. పిల్లలకి అది నేర్పండి మాస్టారూ. తెలియనప్పుడు తెలియదు అని నిబ్బరంగా ఉండటం.

కేరళలో కన్నూరు జిల్లాలో 2018లో దాదాపు 150 ప్రభుత్వ స్కూళ్ళలో తప్పుడు వార్తలు గుర్తించే క్లాసులు పెట్టారు. అక్కడ టీకా మీద పుకార్లు వచ్చాక మొదలైంది. టీకాల రోజున పుకార్లతో వేగే మాలాంటి వాళ్ళకి ఆ విలువ తెలుస్తుంది.


కొబ్బరాకు | శుక్రవారం ఉదయం 9:10

ఇన్ని మాటలు చదివాక కూడా నాకు మార్కుల దిగులు పోలేదు. కానీ రెండో ఏడాది బాబు ఆఖరి వాక్యం మా స్టాఫ్ రూమ్‌లో చదివి వినిపించాను. ఎవరూ ఏమీ అనలేదు. మాస్టారూ, మొదటి క్లాస్ ఎలా జరిగిందో తప్పకుండా రాయండి.


లంకమాస్టారు | మూడు వారాల తర్వాత, శనివారం సాయంత్రం 6:00

రాస్తానన్నాను, ఆలస్యమైంది. మూడు క్లాసులయ్యాయి.

మొదటి రోజు ఏ పేరూ చెప్పలేదు. బోర్డు మీద 2, 4, 6 అని రాశాను. “ఇవి ఒక నియమం ప్రకారం ఉన్నాయి. మీరు మూడేసి అంకెలు చెప్పండి, నియమానికి సరిపోతే అవునంటాను, లేకపోతే కాదంటాను. నియమం తెలిసిపోయింది అనుకున్నప్పుడే చెయ్యెత్తండి” అన్నాను. పీటర్ వాసన్ అనే ఆయన 1960లో చేసిన ప్రయోగం ఇది. ముందు బెంచీ వాళ్ళు 8, 10, 12 అన్నారు. అవును. 20, 22, 24. అవును. 100, 102, 104. అవును. పది చేతులు లేచాయి. “రెండేసి పెరిగే సరిసంఖ్యలు!” కాదు అన్నాను. “రెండేసి పెరిగేవి!” అదీ కాదు. క్లాసంతా గొడవ. నేను ఏదో మోసం చేస్తున్నానన్నట్టు చూశారు.

వెనక బెంచీలో ఒక అబ్బాయి ఉన్నాడు. నా క్లాసులో ఏడాదిలో రెండుసార్లు కూడా నోరు విప్పలేదు. లేచి, “6, 4, 2 అండి” అన్నాడు. కాదు. “1, 2, 50 అండి.” అవును. కాసేపు ఆగి, “పెరుగుతూ ఉంటే చాలాండి?” అన్నాడు. అదే నియమం. 6, 4, 2 ఎందుకు అడిగావురా అన్నాను. “అందరూ అవును వచ్చేవే అడుగుతున్నారండి. కాదు ఎక్కడ వస్తుందో చూద్దామని” అన్నాడు.

రేవు గారూ, వీడికి అంకెలు అందరికంటే ఎక్కువ తెలుసునని కాదు. ముందు బెంచీ వాళ్ళకి లెక్కల్లో తొంభైలు వస్తాయి. అయినా ఇంకో గదిలో, ఇంకో విషయంలో వీడికి ఇదే తడుతుందా అన్న మీ ప్రశ్న అలాగే ఉంది. దానికి ఏడాది పడుతుంది. అందుకే ఒక ఏర్పాటు చేసుకున్నాం. నెలకి ఒక గురువారం సోషల్ మాస్టారు, ఒక గురువారం తెలుగు మేడమ్, ఒకటి లెక్కల మాస్టారు వచ్చి వాళ్ళ పాఠంలోంచే సరుకు తెస్తారు. మిగిలింది నాది. పీరియడ్ విడిగా ఉంటుంది, సరుకు సబ్జెక్టులది.

రెండో వారం దూరతీరం గారి అయిదు ప్రశ్నలూ చార్టు మీద రాసి, ఆ వరద రాత్రి మెసేజ్ వినిపించాను. ఇంకా నా ఫోన్‌లో ఉంది. ఇంటర్ మొదటి ఏడాదిలో ఇప్పుడున్న పిల్లలు అప్పుడు చిన్నవాళ్ళు, ఆ స్కూల్లోనే పడుకున్నారు. వింటుంటే ఇద్దరు ఏడ్చారు. నేను తొందరపడ్డానేమో అనిపించింది, ఆపేశాను. వాళ్ళే మళ్ళీ పెట్టమన్నారు. ఒకమ్మాయి చెప్పింది నేను ఊహించనిది: “సార్, ఆయన అబద్ధం చెప్పాడని మనకి తెలీదు. ఆయనకీ ఎవరో పంపి ఉంటారు. నిజమేమో అని భయపడి పంపాడు. అలా పంపేముందు ఏం చెయ్యాలో కూడా రాసుకుందాం.” అంతా కూర్చుని రాసుకున్నారు. ధవళేశ్వరం నీటిమట్టం ఎక్కడ చూడాలి, మండలం కంట్రోల్ రూమ్ నంబరు, ఊళ్ళో ఎవరిని అడగాలి, తేలేదాకా ముసలివాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టాలి. ఆ కాగితం ఇప్పుడు వరండాలో అంటించి ఉంది. సబ్‌సెంటర్ మేడమ్ గారూ, చివర్లో వాళ్ళంతట వాళ్ళే ఒక వరుస చేర్చారు: ‘తెలియకపోతే, ఇంకా తెలియదు అనే చెప్పాలి.’

మూడో వారం వాదం, జల్పం, వితండ. తెలుగు మేడమ్ చెప్పారు, బాగా కుదిరింది.

మార్కుల సంగతి. హెడ్మాస్టరు గారు అడిగారు. ఒక నోట్‌బుక్ పెడదామన్నాను. వారానికి ఒకటి: నేను నమ్మిన ఒక మాట, ఎందుకు నమ్మాను, ఏది చూస్తే మనసు మార్చుకుంటాను. నేను దిద్దను, చదువుతానంతే. ఆయన సరే అన్నారు, డిసెంబరులో చూద్దాం అని కూడా అన్నారు. కొబ్బరాకు గారూ, మీరు చెప్పిన డిసెంబరే.

వనామీ రైతు గారికి ఒక విన్నపం. మీ చెరువుల నోట్‌బుక్, ఆ రెండు నెలలవి, మా పిల్లలకి చూపిస్తారా? బకెట్ సంగతి ముందు చెప్పను. ఏ రోజు చావులు ఆగాయో, దేనివల్ల కావచ్చో వాళ్ళనే వెతకమంటాను.


వనామీ_రైతు | శనివారం రాత్రి 9:25

తప్పకుండానండి. ఫోటోలు వద్దు, పుస్తకమే తెస్తాను. రెండు మూడు పేజీలు తడిసి సిరా చెదిరింది, తూర్పు చెరువు ముసురు రోజులవే. అక్కడ అంకెలు సరిగ్గా కనబడవు, కనబడనిచోట కనబడలేదనే రాసుకోమనండి. గురువారం పొద్దున మేత వేసి బయల్దేరితే మధ్యాహ్నానికి మీ దగ్గరుంటాను. మా అబ్బాయిని కూడా తీసుకురావచ్చా మాస్టారూ?


లంకమాస్టారు | శనివారం రాత్రి 9:31

తీసుకురండి. ముందు బెంచీలో చోటుంచుతాను.